గీత దాకా నీళ్ళు

పగలంతా మనుషుల నోళ్ళకి పళ్ళు కట్టి, సాయంత్రం ఇంటికొచ్చి పళ్ళు లేని నోళ్ళకి తిండి పెట్టేది పిన్ని. ఆ మాట ఆవిడే అనేది, సబ్బు వాసన పోయేదాకా చేతులు మోచేతుల వరకూ కడుక్కుంటూ. పళ్ళు కట్టడం ఆవిడ ఉద్యోగం. దంతవైద్యులు పంపే అచ్చులు చూసి, బోసినోళ్ళకి గులాబీరంగు చిగుళ్ళూ తెల్లటి పళ్ళూ తయారుచేసే చిన్న వర్క్‌షాపులో, కిటికీ పక్క స్టూలు మీద ఆవిడ జీవితం సగం గడిచింది. పళ్ళు లేని నోళ్ళు ఇంట్లో ఉండేవి: ముందుగదిలో గోడవార, ఉప్పునీళ్ళ అద్దాల తొట్టిలో, పగడపు కొమ్మల మీద. ఒక్కో నోరు ఆవగింజంత. ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

తొట్టి నడిమధ్య రాతి మీద ఉండేది వేళ్ళ పగడం. నారింజరంగు వేళ్ళు పైకెత్తి, ఎవరినో ఆగమన్నట్టు నిలబడేది. దీపం వెలిగిన కాసేపటికి వేళ్ళ నిండా సన్నటి నూగు లేచేది. ఆ నూగులో ప్రతి పోగూ ఒక నోరే. వేలితో తాకితే చాలు, నూగంతా లోపలికి పోయి ఉత్త రాయి మిగిలేది.

"ఇంతకీ ఇది రాయా, చెట్టా, జంతువా?" అని ఇంటికొచ్చినవాళ్ళు అడిగేవాళ్ళు.

"మూడూను. మా ఆయనలాగే," అనేది పిన్ని.

బాబాయి సిటీ బస్సు నడిపేవాడు. తొట్టిని ఆయన 'మీ పిన్ని రెండో కాపురం' అనేవాడు. "మొదటి కాపురం చూడు, ఒక్క బల్బుతో సరిపెట్టుకుంది. రెండోదానికి నాలుగు దీపాలు, రెండు మోటార్లు," అని పేపరు వెనకనుంచి గొణిగేవాడు. కరెంటు పోయిందంటే మాత్రం అందరికన్నా ముందు లేచి, బ్యాటరీ పంపు ఎక్కడుందో చీకట్లో తడుముకునేవాడు ఆయనే.

ఆవిణ్ణి పిన్ని అని పిలిచే ఆమె, ఆ ఇంటికి వచ్చేటప్పటికి ఆరేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ, అంటే పిన్నికి సొంత అక్క, జబ్బుచేసి పోయింది. నాన్న అన్న మాట వాళ్ళింట్లో అంతకుముందే లేదు. ఒక సంచీ, కాళ్ళకి కాస్త పెద్దవైన చెప్పులు, మూసిన నోరు. అంతే తెచ్చుకుంది. అడిగితే తల ఊపేది, పెడితే తినేది, పడుకోమంటే గోడవైపు తిరిగి పడుకునేది. మాట మాత్రం లేదు. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి బుగ్గలు పట్టుకుని, పాటలు పాడి, బొమ్మలు ఆడించి, చివరికి జాలిగా నిట్టూర్చి వెళ్ళేవాళ్ళు. బాబాయి ఒక్కడే దాన్ని తేలిగ్గా తీసుకున్నాడు. "ఏమిటే ఈ వాగుడు, చెవులు చిల్లులు పడుతున్నాయి," అని రోజూ పొద్దున్నే విసుక్కునేవాడు. అలా ఆమెకి వాగుడుకాయ అన్న పేరు స్థిరపడిపోయింది.

పిన్ని మాత్రం తొట్టి ముందు ఒక చిన్న పీట వేసింది.

ఆ రోజుల్లోనే పిన్ని వేళ్ళ పగడం నుంచి ఒక వేలు కోసింది. పీట మీద కూర్చున్న పిల్ల చూస్తుండగానే కోసింది. కొమ్మని నీళ్ళలోంచి తీసి, ఎముకలు కత్తిరించే కత్తెరలాంటి దాంతో టక్కున నొక్కింది. సుద్దముక్క విరిగినట్టు చప్పుడైంది. తెగినచోట లోపలంతా తెల్లగా ఉంది, పన్నులాగా. కొమ్మ ఒళ్ళంతా జిగురు కారింది. ముక్కని మందునీళ్ళలో ముంచి కడిగి, అడుగు తుడిచి, దానికింద చుక్క జిగురు పెట్టి, గులాబీరంగు బిళ్ళ మీద నిలబెట్టి, మళ్ళీ నీళ్ళలోకి దించింది. బిళ్ళలు కూడా పిన్ని చేసుకున్నవే, వర్క్‌షాపులో మిగిలిపోయిన చిగుళ్ళ ముద్దతో. ప్రతి బిళ్ళ అంచులో ఒక పనికిరాని పన్ను గుచ్చేది. "మనింటి పిల్ల అని తెలియాలిగా," అనేది.

కోసిన ముక్క నోరు తెరవలేదు. మర్నాడూ తెరవలేదు. ఆ తరవాతా లేదు.

"దెబ్బ తగిలింది. చోటు కొత్త," అంది పిన్ని, తొట్టివైపు చూస్తూనే. "నోరు తెరు, నోరు తెరు అని పొడిచామనుకో, ఇంకా ముడుచుకుంటుంది. మనం చెయ్యాల్సిందల్లా దాన్ని కదపకపోవడమే."

ఆ మాట ముక్క గురించి అందో పిల్ల గురించి అందో బాబాయికి అర్థం కాలేదు. పిల్లకి అర్థమైంది. బడినుంచి రాగానే పీట మీద కూర్చునేది. నీళ్ళు కదిలేవి, దీపం వెలుగు నీళ్ళడుగున ఇసుక మీద వలలాగా ఊగేది. ఒక మధ్యాహ్నం, పిన్ని వంటగదిలో ఉండగా, చెయ్యి పట్టి లాగుతున్నట్టనిపించి కిందికి చూసింది. పిల్ల.

"తెరిచింది," అంది పిల్ల.

ఆ ఇంట్లో ఆమె మొదటి మాట అది. పిన్ని స్టవ్ ఆపి వచ్చి చూసింది. ముక్క నిండా నూగు. ఆ రాత్రి బాబాయి అన్నం ముందు కూర్చుని, "ఒక మాటకే ఇంత సంబరమైతే, బస్సులో నేను వినేవాటికి నాకు రోజూ పండగే," అన్నాడు.

ఉప్పునీళ్ళ తొట్లు పెంచేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. తొట్టి అన్నాక ఏదో ఒకనాడు పోతుంది. కరెంటు పోవచ్చు, అద్దం పగలొచ్చు, మనిషి పొరపడొచ్చు. అందుకని పగడం ఏపుగా పెరగగానే మొదటి ముక్క వేరే ఇంటికి ఇచ్చెయ్యాలి, ఉత్తినే. మనింట్లో పోయిననాడు ఆ ఇంటికి వెళ్ళి అడగొచ్చు. రెండిళ్ళలో ఉన్నదీ ఒకటే ప్రాణి కదా. ఆ ఊళ్ళో ఇలా ముక్కలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు నలుగురైదుగురికి మించి లేరు. వాళ్ళలో వాళ్ళు వియ్యంకుడు, వియ్యపురాలు అని పిలుచుకునేవాళ్ళు. వేళ్ళ పగడంలో ఆ మొదటి వేలు ఒక్కటే బయటికి వెళ్ళింది, టైర్లకి పంక్చర్లు వేసే ఆయన ఇంటికి. ఇల్లంటే ఇల్లు కాదు. షట్టరు వెనక, గాలి కొట్టే యంత్రం పక్కన, పాత టైర్ల మధ్య చిన్న తొట్టి. దీపం కూడా పైన కాకుండా పక్క మేకుకి వేలాడేది.

"పిల్లని ఏ ఇంటికిచ్చానో చూడండి," అని పిన్ని ఎప్పుడూ ఎత్తిపొడిచేది.

"మీ పిల్లకి మా ఇంట్లో ఏం తక్కువైందండీ వియ్యపురాలు గారూ? కాస్త నలుపెక్కింది, అంతేగా. కష్టపడే ఇల్లు," అనేవాడాయన, చేతుల గ్రీజు గుడ్డకి తుడుచుకుంటూ.

పీట మీది పిల్ల పెద్దదైంది. బేకరీలో కేకుల మీద పేర్లు రాసే పని దొరికింది. కాగితం గొట్టం నుంచి సన్నటి తీగలాగా క్రీము తీసి, ఎవరెవరి పేర్లో, ఎవరెవరి పుట్టినరోజులో తడబడకుండా రాసేది. మాటలు తక్కువే. తెల్లవారకముందే పనికి వెళ్ళేది, సెలవురోజు మొద్దునిద్ర పోయేది. సాయంత్రాలు మాత్రం ఆ పీటే, ఆ తొట్టే. వారానికోసారి పిన్ని కొన్ని పాతనీళ్ళు తోడేసి, వంటగది మూలనున్న నీలం డ్రమ్ములోంచి ఉప్పు కలిపిన కొత్తనీళ్ళు పోస్తుంటే ఆమె గొట్టం పట్టుకునేది. నీలం డ్రమ్ము పక్కన తెల్ల డ్రమ్ము ఒకటి ఉండేది. అందులో వడగట్టిన మంచినీళ్ళు. అవి కత్తెరలూ బిళ్ళలూ కడగడానికనుకుంది. ఎప్పుడూ అడగలేదు.

పిన్నికి దగ్గు మొదలైంది. ఏళ్ళ తరబడి అరగదీసిన చిగుళ్ళ పొడి, పళ్ళ పొడి, లోపల ఎక్కడో మెల్లగా పేరుకుంది. మొదట మెట్లెక్కితే ఆయాసం. తరవాత మాట్లాడితే ఆయాసం. ఆస్పత్రిలో చేర్చుకుంటామన్నప్పుడు పిన్ని అడ్డు చెప్పలేదు, తొట్టి సంగతి ఒక్కటే చెప్పింది. చక్రాల కుర్చీలో కూర్చుని, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఆగి, "రోజూ గీత దాకా నీళ్ళు నింపు. అద్దం మీద నల్ల గీత ఉంది కదా, దాని దాకా. నేనొచ్చేదాకా అదొక్కటీ చూసుకో వాగుడుకాయా," అంది.

"చూసుకుంటాను పిన్నీ."

చూసుకుంది. రోజూ నీళ్ళు గీత కింద వేలెడు దిగేవి. రోజూ నీలం డ్రమ్ములోంచి జగ్గుతో తోడి, గీత దాకా నింపేది. సముద్రంలో తగ్గినదాన్ని సముద్రంతోనే కదా నింపాలి. ఆ డ్రమ్ములోంచి తొట్టిలోకి నీళ్ళు పోయడమే ఆమె జీవితమంతా చూసింది. డ్రమ్ము అడుగంటితే పిన్ని చేసినట్టే ఉప్పు కొలిచి కలిపింది, ఒక గరిటె కూడా తేడా రాకుండా.

ముందు తొట్టిలోని నత్తలు అద్దం మీదనుంచి జారి కింద పడ్డాయి. ముసలివైపోయాయేమో అనుకుంది. తరవాత చిన్న పగడాలు ముడుచుకున్నాయి. తరవాత వేళ్ళ పగడం నూగు లోపలికి లాగేసుకుంది. దీపం వెలిగినా, తిండి వేసినా, బయటికి రాలేదు. ఆమె పీట మీద కూర్చుని చూసింది. ఆమెకి తెలిసినంతలో నోరు మూసుకోవడానికి ఒకటే కారణం ఉంటుంది.

"బెంగ పెట్టుకున్నాయి బాబాయ్, పిన్ని లేదని," అంది.

పేపరు దించి బాబాయి తొట్టివైపు చూశాడు. "నాకంటే నయం. వాటికి కనీసం అన్నం మానెయ్యడం చేతనవుతోంది," అన్నాడు.

బెంగ పెట్టుకున్నదాన్ని పొడవకూడదు. కదపకూడదు. ఆ ఇంట్లో ఆమె నేర్చుకున్న మొదటి పాఠం అదే, ఆమెని బతికించిందీ అదే. అందుకని ఆమె దేన్నీ కదపలేదు, ఎవరినీ అడగలేదు. రోజూ గీత దాకా నీళ్ళు పోసి, పక్కన కూర్చుంది.

ఆస్పత్రిలో పిన్ని మంచం పక్కన గోడకి ఒక సీసా బిగించి ఉండేది. అందులో నీళ్ళు గుడగుడలాడేవి, ఆ తడి తగిలిన గాలి సన్నటి గొట్టంలోంచి ఆవిడ ముక్కులోకి వెళ్ళేది. "మన తొట్టి చప్పుడే. అందుకే ఇక్కడ నిద్ర పడుతోంది," అంది పిన్ని. రోజూ ఒకటే అడిగేది: "చూపించు." ఆమె ఫోనులో వెనకటి వీడియో చూపించేది, నూగు నిండుగా ఉన్నప్పటిది. పిన్ని కళ్ళు తొట్టిలో తిరిగి, వేళ్ళ పగడం దగ్గర ఆగి, మూతపడేవి. బెంగ తీరితే అవి మళ్ళీ తెరుస్తాయి, ఈ కాస్త అబద్ధం అప్పటికి నిజమైపోతుంది అనుకునేది ఆమె.

ఒక సాయంత్రం బేకరీ నుంచి వచ్చేసరికి వేళ్ళ మొదట్లో తెల్లటి మచ్చ. మర్నాటికి నారింజరంగు చర్మం పీలికలుగా ఊడి నీళ్ళలో తేలుతోంది. కింద మిగిలింది సున్నంలాంటి తెలుపు, పిన్ని వర్క్‌షాపులో బల్ల మీద వరసగా పేర్చిన అచ్చుల తెలుపు. తొట్టిలో ఉండే ఒక్క చేప మూలన నిలబడి దవడలు వేగంగా ఆడిస్తోంది. అప్పుడు పరుగెత్తింది పంక్చర్ల షాపుకి.

వియ్యంకుడు చేతిలో ట్యూబు పక్కన పడేసి వచ్చాడు. తొట్టి ముందు వంగి చూశాడు. నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని మొహం చిట్లించాడు. పిన్ని సొరుగులోంచి ఉప్పు చూసే గొట్టం తీసి, దాని గాజు మీద ఒక చుక్క వేసి, కిటికీ వెలుగువైపు పెట్టి ఒంటికంటితో చూశాడు. చూసి, గొట్టం మెల్లగా దించాడు.

"ఏ నీళ్ళు పోస్తున్నావమ్మా?"

"అవే. నీలం డ్రమ్ములోవి."

"రోజూనా?"

"రోజూ. గీత దాకా."

ఆయన పీట మీద కూలబడ్డాడు. "ఆవిరయ్యేది ఉత్త నీళ్ళేనమ్మా. ఉప్పు ఎక్కడికీ పోదు, ఇక్కడే ఉంటుంది. పోయినదాని బదులు మంచినీళ్ళే పొయ్యాలి. నువ్వు ఉన్న ఉప్పు మీద రోజూ ఇంకాస్త ఉప్పు పోసుకుంటూ వచ్చావు."

ఆమె తెల్ల డ్రమ్మువైపు చూసింది. మూత దాకా నిండుగా ఉంది. పిన్ని వెళ్ళిననాడు ఎంత ఉందో అంతే ఉంది.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకి అనిపించింది. ఒక్కసారిగా మంచినీళ్ళు పోస్తే ఉన్న చేప కూడా పోతుందని, ఎలా కొద్దికొద్దిగా పలుచన చెయ్యాలో చెప్పి వెళ్ళాడు. ఉప్పు దారిలోకి వచ్చాక తనే మళ్ళీ వచ్చాడు, రెండు చేతులతో ఒక బకెట్టు పట్టుకుని. లోపల పిన్ని ఇచ్చిన పిల్ల. ఇన్నేళ్ళలో బోలెడు వేళ్ళేసింది. గులాబీ బిళ్ళంతా పాకేసి, అంచులోని పన్నుని కూడా మింగేసింది, దాని కొస ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

"సగం చాలండీ," అంది ఆమె.

"సగం పెడితే మీ పిన్ని ఇట్టే పట్టేస్తుంది. మొత్తం పెట్టు. ఇచ్చిన పిల్లని తిరిగి పుట్టింట్లో దింపితే నలుగురూ ఏమనుకుంటారో, అదే నా బాధ," అన్నాడాయన. నవ్వబోయి మానేశాడు. "చెప్పకులే. ఊపిరి అందని మనిషికి ఎందుకిప్పుడు."

ఆమె బాబాయివైపు చూసింది. ఆయన చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. "నన్నడక్కు వాగుడుకాయా. నాకు అబద్ధమాడటం రాదు. మీ పిన్నితో నిజం చెప్పడం అంతకన్నా రాదు," అన్నాడు.

చచ్చిన కొమ్మని తీసేసి, ఆ రాతి మీదే, సరిగ్గా ఆ చోటే, కొత్తదాన్ని అతికించింది. అది నూగు విప్పినరోజు వీడియో తీసి, ఆస్పత్రికి పట్టుకెళ్ళింది.

పిన్ని ఆ రోజు మునుపటికన్నా చిక్కిపోయి ఉంది. ఫోను చేతిలోకి తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా చిగుళ్ళని ఒరుసుకుంటుందని అచ్చులు పక్కకి నెట్టేసిన కళ్ళవి.

"మన కొమ్మే," అంది.

ఆమె ఫోను కోసం చెయ్యి చాపింది.

"మన కొమ్మే. కానీ మనింట్లో పెరగలేదు."

సీసాలో నీళ్ళు గుడగుడలాడాయి.

"ఎడమకి వాలింది చూడు. మనింట్లో దీపం నెత్తి మీద. ఇది పక్కనుంచి వెలుగు తాగిన పిల్ల. రంగేమో టైరులాగా," ఊపిరి కోసం ఆగింది పిన్ని. "వియ్యంకుడి దగ్గర్నుంచి తెచ్చావు కదూ?"

"ఊ."

"పాతది?"

"పోయింది పిన్నీ."

"ఎలా?"

"గీత దాకా నింపమన్నావుగా. నీలం డ్రమ్ములోంచి నింపాను."

పిన్ని ఫోను దుప్పటి మీద పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పడుకోవడం ఆమెకి తెలుసు. అది తను పడుకున్న పద్ధతే, ఆ ఇంటికి వచ్చిన కొత్తలో. అందుకని పొడవలేదు, కదపలేదు. కుర్చీలో కూర్చుంది. నర్సు వచ్చి సీసా విప్పి, శుద్ధిచేసిన నీళ్ళు గీత దాకా నింపి, మళ్ళీ బిగించి వెళ్ళింది. ఆ సీసాకీ ఒక గీత ఉందని ఆమె అప్పుడే చూసింది.

వార్డులో మిగతావాళ్ళని చూడటానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అప్పుడు పిన్ని గోడతోనే అంది: "నువ్వు రాకముందునుంచీ ఉంది అది."

"తెలుసు."

"మూసుకుపోయినప్పుడైనా ఏమైందో చూడలేదా?"

"నువ్వు లేవని బెంగ పెట్టుకున్నాయనుకున్నాను. కదపకూడదన్నావు కదా."

పిన్ని చాలా కష్టపడి ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి. కోపం ఇంకా పోలేదు, కానీ కోపం ఎవరి మీదో ఆవిడకే తెలియనట్టుంది.

"నేనే అన్నాను," అంది. "ఇన్నేళ్ళు పక్కనే కూర్చున్నావు, అన్నీ తెలుసులే అనుకున్నాను. ఒక్కమాట అడగొచ్చు కదే."

"అడగడం నాకు రాదు పిన్నీ."

"వాగుడుకాయవి మరి," అంది పిన్ని. నవ్వబోతే దగ్గొచ్చింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆగాక, పిన్ని ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా, పొడిగా ఉన్నాయి. "ఒకటి గుర్తుపెట్టుకో. మూసుకున్నవన్నీ బెంగతోనే మూసుకోవు. ముందు ఉప్పు చూడు. ఉప్పు సరిగ్గా ఉంటే, అప్పుడు బెంగ అనుకో."

పిన్ని ఇంటికి రాలేదు.

ఆవిడని సాగనంపి వచ్చాక ఇల్లు ఒక వింత నిశ్శబ్దంతో నిండింది. మోటార్ల చప్పుడు ఎప్పటిలాగే ఉంది, అందుకే ఆ నిశ్శబ్దం మరీ వినిపించింది. రోజూ పొద్దున బేకరీకి వెళ్ళేముందు ఆమె తెల్ల డ్రమ్ములోంచి గీత దాకా నింపేది. ఈ పని ఇన్నేళ్ళూ తను నిద్రలో ఉండగానో ఇంట్లో లేనప్పుడో ఒక మనిషి ఒంటరిగా చేసిందని తలుచుకునేది. ఒకసారి వంటగదిలో బాబాయి మూడు కప్పుల్లో టీ పోసి, మూడోదాన్ని కాసేపు చూసి, తొట్టి పక్కన బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అది అక్కడే చల్లారిపోయింది.

వియ్యంకుడు గుమ్మం దగ్గర నిలబడి పలకరించాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, చేతులు చూపించాడు, గ్రీజు. వెళ్ళబోతూ, "ఇప్పుడు నా దగ్గర ఒక్క వేలు కూడా లేదమ్మా. ఉన్నదంతా మీ ఇంట్లోనే. ఒకే ఇంట్లో ఉంచకూడదు. మీ పిన్ని ఒప్పుకోదు," అన్నాడు.

ఆ మాట ఆమెని చాలా రోజులు వెంటాడింది. ఇదివరకు ఎప్పుడూ కొయ్యలేదు. గొట్టం పట్టుకుంది, గిన్నె అందించింది, చూసింది. కత్తెర పట్టుకోలేదు. పిన్ని చెయ్యి తగిలిన కొమ్మ లోకంలో ఇదొక్కటే మిగిలింది. చెయ్యి తప్పితే ఇక వెళ్ళి అడగడానికి ఏ ఇల్లూ లేదు. కొయ్యకపోతే, ఒక్క రోజు పొరపాటు చాలు.

సెలవురోజు మధ్యాహ్నం బల్ల మీద గుడ్డ పరిచింది. బాబాయి గిన్నె పట్టుకున్నాడు. "పెద్ద పెద్ద మలుపులు తిప్పానుగానీ, గిన్నెడు నీళ్ళు తొణక్కుండా పట్టుకోవడం ఇంత కష్టమనుకోలేదు," అన్నాడు. గిన్నెలో నీళ్ళు అంచుల్ని తాకుతున్నాయి. ఆమె కొమ్మని పైకి తీసింది. ఇంటి దీపం కింద దాని నలుపు విరిగి, వేళ్ళ కొసల్లో నారింజ తిరిగి రావడం మొదలైంది. వాలు మాత్రం అలాగే ఉంది. పెరిగిన ఇంటి గుర్తు అంత తొందరగా పోదు. కత్తెర నొక్కింది. సుద్దముక్క విరిగినట్టు చప్పుడైంది. బాబాయి కళ్ళు మూసుకున్నాడు.

పిన్ని డబ్బాలో బిళ్ళలు ఇంకా ఉన్నాయి, అంచుల్లో ఒక్కో పన్నుతో. జిగురు చుక్క పెట్టేటప్పుడు ఆమె చెయ్యి తడబడలేదు. అది రోజూ పేర్లు రాసే చెయ్యి. ముక్కని నిలబెట్టి, నీళ్ళలోకి దించి, వెలుగు పడేచోట పెట్టింది. అది తెరుచుకున్నాక టైర్ల మధ్యకి తీసుకెళ్ళాలి.

ముక్క నోరు తెరవలేదు. మర్నాడూ తెరవలేదు. తల్లికొమ్మ కూడా నూగు లోపలికి లాక్కుని, రాయిలా నిలబడింది.

సాయంత్రం ఆమె పీట మీద కూర్చుని ఉండగా బాబాయి వెనక వచ్చి నిలబడ్డాడు.

"తెరిచిందా?"

"లేదు."

"బెంగేమో."

ఆమె లేచి సొరుగులోంచి ఉప్పు చూసే గొట్టం తీసింది. గాజు మీద ఒక చుక్క వేసి, మూత దించి, కిటికీవైపు పెట్టి ఒక కన్ను మూసింది. లోపల పైసగం నీలం, కిందసగం తెలుపు. రెండూ కలిసే గీత ఎక్కడుండాలో అక్కడే ఉంది. నమ్మకం కుదరక తుడిచి, ఇంకో చుక్క వేసి, మళ్ళీ చూసింది.

"ఉప్పు సరిగ్గానే ఉంది," అంది.

"అయితే?"

"అయితే బెంగే, బాబాయ్."

బాబాయి తల ఊపాడు. కుర్చీ తెచ్చుకుంటాడనుకుంది. తెచ్చుకోలేదు. "జరుగు," అన్నాడు. ఆ చిన్న పీట మీద ఇద్దరూ ఇరుక్కుని, అద్దం ముందు కదలకుండా కూర్చున్నారు.